షుగర్ ఇంజెక్షన్: ఒకరు లావెక్కుతారు, ఒకరు చిక్కిపోతారు.. ఎందుకు?

ఇంట్లో దాదాకో నానీకో షుగర్ ఇంజెక్షన్ మొదలైన కొన్ని నెలలకు బరువు మారుతుంది. ఒకరు లావెక్కితే, ఇంకొకరు చిక్కిపోతారు. అన్ని షుగర్ ఇంజెక్షన్లూ ఒకటి కాకపోవడమే దీనికి ముఖ్య కారణం. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఈ తేడా తెలిసి ఉండటం మరీ అవసరం. ఇక్కడ చాలా ఇళ్లలో షుగర్‌తో పాటు కిడ్నీ భయం కూడా ఉంది.

ఇన్సులిన్‌తో బరువు ఎందుకు పెరుగుతుంది?

షుగర్ అదుపులో లేనప్పుడు తిన్న శక్తిలో కొంత మూత్రంలో పోతుంది. మనిషి చిక్కిపోతాడు. ఇన్సులిన్ మొదలయ్యాక ఆ నష్టం ఆగుతుంది, మిగిలిన శక్తి కొవ్వుగా చేరుతుంది. షుగర్ పడిపోతుందన్న భయంతో మధ్యమధ్యలో బిస్కెట్లు, తీపి టీ తీసుకున్నా బరువు పెరుగుతుంది. బరువు పెరిగిందని ఇన్సులిన్ సొంతంగా మానేయకూడదు.

కొత్త ఇంజెక్షన్లతో ఎందుకు తగ్గుతుంది?

సెమాగ్లూటైడ్, డులాగ్లూటైడ్ వంటివి ఇన్సులిన్ కావు. ఇవి పేగుల్లో పుట్టే ఒక హార్మోన్‌లా పనిచేస్తాయి. ఆకలి తగ్గుతుంది, కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది. ఇదే కోవకు దగ్గరైన టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశంలోకి వచ్చింది. వీటిని వారానికి ఒకసారి తీసుకుంటారు.

అయితే తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కరుగుతుంది. వయసు మీద పడ్డవారికి కండ అప్పటికే తక్కువ. అది ఇంకా తగ్గితే లేవడం కష్టమవుతుంది, పడిపోయి ఎముకలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. బక్కపలచగా ఉన్న పెద్దలకు ఈ మందు సరిపడుతుందా లేదా అన్నది డాక్టరే తేల్చాలి.

ఉద్దానంలో మరో జాగ్రత్త

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగర్, బీపీ లేనివారికి కూడా కిడ్నీ జబ్బు వస్తోంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి.

కిడ్నీలు దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అప్పుడు పాత డోసుకే షుగర్ పడిపోతుంది. "షుగర్ నయమైపోయింది" అని ఇంట్లో సంతోషపడతారు. నిజానికి అది కిడ్నీ ఇస్తున్న హెచ్చరిక కావచ్చు. వెంటనే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగి కాళ్లు వాస్తే అది కొవ్వు కాదు, నీరు. ఆకలి చచ్చి చిక్కిపోతుంటే దాన్నీ ఇంజెక్షన్ మీదకే తోసేయకూడదు.

కొత్త ఇంజెక్షన్లు కిడ్నీకి చెడ్డవని కాదు. షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉన్నవారిపై జరిగిన ఫ్లో అనే పెద్ద అధ్యయనం 2024లో వెలువడింది. సెమాగ్లూటైడ్ తీసుకున్నవారిలో కిడ్నీ తీవ్రంగా దెబ్బతినడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం వంటి ముప్పు 24 శాతం తగ్గింది. కానీ మొదటి వారాల్లో వాంతులు, విరేచనాలు కావచ్చు. ఎండలో జీడితోట పనికి వెళ్లే మనిషికి ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీపై ఒక్కసారిగా దెబ్బ పడుతుంది.

రోజా సమయంలో

రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టర్‌ను కలవాలి. సహరీ, ఇఫ్తార్ వేళలకు తగ్గట్టు డోసు మార్చాల్సి ఉంటుంది. రోజాకు ముందు కొద్ది వారాల్లో కొత్త ఇంజెక్షన్ మొదలుపెట్టడం, డోసు పెంచడం మంచిది కాదు. జబ్బుతో ఉన్నవారికి దీన్‌లో మినహాయింపు ఉంది. షుగర్ 70 కంటే తగ్గితే రోజా విరమించాలన్నది వైద్యుల మాట.

ఇంట్లో చేయాల్సినవి

* వారానికి ఒకసారి ఒకే వేళకు బరువు చూసి రాసిపెట్టండి.
* కండ నిలవాలంటే గుడ్డు, చేప, పప్పు కావాలి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తినాలో డాక్టర్‌నే అడగండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కాబట్టి వాటి గురించీ అడగాలి.
* కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పది సార్లు లేచి కూర్చోవడం మంచి వ్యాయామం. పక్కన ఒకరు ఉండాలి.
* వాంతులు ఆగకపోయినా, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పక్కింటివారికి పనిచేసిందని అదే ఇంజెక్షన్ మెడికల్ షాపులో కొనుక్కోవద్దు. వెళ్లేటప్పుడు బరువు రాసిన కాగితం, తాజా క్రియాటినిన్ రిపోర్టు వెంట ఉంటే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.