ఫైలుకూ ఒక కాలముద్ర

తపాలా ముద్రను చూసి ఉత్తరం ఏనాడు బయలుదేరిందో తెలుసుకుంటాం. కంప్యూటరులోని ఫైలుకూ ఇటువంటి గుర్తులు ఉంటాయి. యునిక్స్, లినక్స్ వంటి వ్యవస్థలు ప్రతి ఫైలుకూ మూడు కాలాలను నమోదు చేస్తాయి. ఫైలును చివరిసారి చదివిన కాలం మొదటిది. అందులోని విషయాన్ని చివరిసారి మార్చిన కాలం రెండవది. విషయం గాని, యజమాని, అనుమతులు వంటి వివరాలు గాని మారిన కాలం మూడవది. వీటిని 1970 జనవరి 1 మొదలుకొని గడిచిన సెకండ్లలో లెక్కిస్తారు.

'యుటైమ్' అనే సిస్టమ్ కాల్ ద్వారా మొదటి రెండు కాలాలను మార్చవచ్చు. కోరిన తేదీ వేసే అధికారం ఫైలు యజమానికి, వ్యవస్థ నిర్వాహకునికి మాత్రమే ఉంటుంది. పాత ఫైలుకు నకలు తీస్తే దానిపై నకలు తీసిన నాటి తేదీ పడుతుంది. అసలు తేదీని నిలపడానికి ఈ సిస్టమ్ కాల్ ఉపయోగపడుతుంది.

అయితే నిన్న రాసిన పత్రాన్ని పదేళ్ల నాటిదిగా చూపడానికీ ఇదే చాలు! కాని మూడవ కాలం దీనికి లొంగదు. తేదీ మార్చిన క్షణమే అక్కడ నమోదవుతుంది. కాబట్టి ఫైలు మీది తేదీ ఒక్కదానినే సాక్ష్యంగా నమ్మరాదు. మూడవ కాలాన్ని కూడా పరిశీలించాలి.