నాటిన మొక్కకు తొలిదినములు

నారుమడిలో పచ్చగా కళకళలాడుచుండిన వంగమొక్కను పెరికి తోటలో నాటినచో, మరునాటి మధ్యాహ్నమునకే అది తల వాల్చును. పాదులో నీరున్నది, నేలయు సారవంతమైనదే. అయినను ఆకులు వాడినవి. ఇందుకు కారణమేమి?

మొక్కకు నీటిని అందించునవి ముఖ్యముగా లావుపాటి వేళ్ళు కావు. లేతవేళ్ళ కొనలకు సమీపమున నూగువలె నుండు మూలకేశములే ఆ పని చేయును. 1937వ సంవత్సరమున డిట్మర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రై అను ధాన్యపు మొక్క నొకదానిని పరిశీలించి, దానికి సుమారు 1,400 కోట్ల మూలకేశములు కలవని లెక్కగట్టెను. మొక్కను పెరికినపుడు ఇట్టి కేశములలో పెక్కు తెగిపోవును. ఆకులు మాత్రము పత్రరంధ్రముల గుండ నీటిని ఆవిరిగా విడుచుచునే యుండును. రాబడి తగ్గియు వ్యయము తగ్గని గృహస్థువలె మొక్క కష్టముల పాలగును. క్రొత్త మూలకేశములు పుట్టువరకు ఆ వ్యయమును తగ్గించుటయే తోటమాలి కర్తవ్యము.

అందుచేత నారుమడిని ముందుగా తడిపి, వేళ్ళ చుట్టునున్న మట్టి రాలకుండ మొక్కను తీయవలెను. ఎండ తగ్గిన సాయంకాలమున నాటి, మొదట మట్టిని మెల్లగా అదిమి, వెంటనే నీరు పోయవలెను. మూడు నాలుగు దినములు తాటాకుతోనో కొబ్బరిమట్టతోనో నీడ కల్పించుట మంచిది. పాదులో ఎండుటాకులు పరచినచో తడి త్వరగా ఆరదు. మామిడి అంటువంటి పొడవైన మొక్క గాలికి ఊగినచో లేతవేళ్ళు మరల తెగును. కావున దానికి ఊతకర్ర కట్టవలెను.

అతిప్రేమయు కీడే. పాదు ఎల్లప్పుడు నీటితో నిండియున్నచో వేళ్ళకు గాలి అందక అవి కుళ్ళును. మట్టిలో వ్రేలు గ్రుచ్చి, లోపల పొడిగా నున్నపుడే నీరు పోయవలెను. మధ్యాహ్నము వాడిన ఆకులు సాయంకాలమునకు తేరుకొన్నచో భయము లేదు. తెల్లవారినను తేరుకొననిచో మట్టిని పరీక్షింపవలెను. క్రొత్త చిగురు కనిపించువరకు రసాయనపు టెరువులు వేయరాదు. వాని లవణములు లేతవేళ్ళను మాడ్చును.

నాటిన వరినారు తేరుకొని పచ్చబడుటను రైతులు ‘మూన తిరుగుట’ అందురు. తోటమొక్కకును అట్టి దినము రావలెను. 1950వ సంవత్సరమున కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించినది మొదలు పాఠశాలలలో బాలబాలికలు ఎన్నియో మొక్కలు నాటిరి. నాటుట ఒక పూటలో ముగియును. చిగురు తొడుగువరకు దినదినము పోయి చూచినవారి మొక్కయే చెట్టగును.