జూదగృహపు కార్డు - దాని లెక్క



కారంపూడివారికి పందెమనఁగా నేమో వేఱుగాఁ జెప్పఁ బనిలేదు. పండ్రెండవ శతాబ్దమున మాచర్లవారు కోడిపందెమున నోడి యేడేండ్లు రాజ్యము విడిచి పోయిరనియు, ఆ పగయే తుదకు కారంపూడి రణరంగమునకుఁ దెచ్చెననియు మనవారు తరతరములుగాఁ జెప్పుకొనుచున్నారు. నేఁటికిని కార్తికమాసమున వీరుల గుడికడ నుత్సవములు జరుగుచునే యున్నవి. నాఁటి యోటమి యందఱి కన్నులయెదుట జరిగినది. నేఁటి జూదములో నోటమి యొక చిన్న కార్డు చాటున దాఁగి యుండును. ఆ కార్డును గూర్చియే నేఁడు మనవి చేసెదను.

మన రాష్ట్రమున జూదగృహము నడపుట 1974 నాటి చట్టముచే నిషిద్ధము. గోవాలో మాత్రము గొప్ప హోటళ్లయందును, పణజి చెంత మాండవీనదిపై నిలిచిన యోడలయందును కాసినోలు నడచుచున్నవి. మన పిల్లలు కొందఱు సెలవులకుఁ గోవా పోవుదురు; అమెరికాలో నున్నవారు లాస్ వేగాస్ పోవుదురు. పెక్కు కాసినోలలో సభ్యత్వపు కార్డు నిత్తురు. ఈ పద్ధతి 1980ల దశకమున అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో వ్యాపించినది. ఆటగాఁడు కాచిన పందెములు కార్డు పేర పాయింట్లుగా జమయగును. వానినిబట్టి భోజనమో, బసయో, కొంత రొక్కమో తిరిగి వచ్చును.

ఈ జమ దానంతట నది సరిగాఁ బడునని నమ్మరాదు. స్లాట్ యంత్రములోఁ గార్డును పూర్తిగా దూర్చి, తెరపైఁ దన పేరు కనఁబడిన పిదపనే యాట మొదలిడవలెను. మునుపటివాఁడు మఱచిన కార్డు లోపల నున్నచో మన పందెములు వాని ఖాతాకుఁ జేరును. పేకాట బల్లకడ నైతే మొదటి పందెమునకు ముందే కార్డును పర్యవేక్షకున కీయవలెను. ఆతఁడు మనము కూర్చున్న వేళను, లేచిన వేళను గుర్తించి, సగటు పందెమును పెక్కుచోట్లఁ గంటి యంచనాతోనే వ్రాసికొనును. కావున లేచునపుడు చెప్పి లేవవలెను. తప్పు దొరలినచో యంత్రపు సంఖ్యను, వేళను జెప్పి యానాఁడే సభ్యుల కార్యాలయమున నడుగవలెను. ధాన్యము తూఁచునపుడు కాటా చూడని రైతు లేఁడు గదా!

ఇఁక ముఖ్యమైన సంగతి. ఆ కాటా తూఁచునది మన గెలుపును గాదు, మనము కాచిన మొత్తమును. ఉదాహరణకు, ఒకఁడు గంటలో 600 మాఱులు నూఱేసి రూపాయలు కాచెననుకొందము. మొత్తము 60,000 రూపాయలు. యంత్రము నూటికి ఎనిమిది వంతున మిగుల్చుకొన్నచో సగటున నష్టము 4,800. కార్డు నూటికి పావలా వంతున తిరిగి యిచ్చినచో వచ్చునది 150. ఆ నూటయేఁబదిలోఁ బెట్టిన భోజనమునే పిల్లవాఁడు ఇంటికి వచ్చి 'ఊరక పెట్టిరి' అని చెప్పును! పాయింట్ల కొఱకు ఇంకొక గడియ యాడువాఁడు పావలాకై యెనిమిది రూపాయలు పోఁగొట్టుకొనుచున్నాఁడు.

కావున కార్డు లెక్క సరిగా నుండుట రెండు విధముల మేలు. రావలసినది వచ్చును, పోయినది తెలియును. అమెరికాలోఁ బెక్కు కాసినోలు సభ్యుఁడడిగినచో సంవత్సరపు గెలుపోటముల పట్టిక నిచ్చును. అందు బల్లయాటల భాగము అంచనాయే గనుక, ఇల్లు వెడలునపుడు చేతనున్నదెంత, తిరిగివచ్చునపు డున్నదెంత యని సొంత పుస్తకమున వ్రాసికొనుట మఱింత మేలు.

పెద్దలారా! కుఱ్ఱవాఁడు తిరిగివచ్చినపుడు 'ఏమేమి పెట్టిరి?' అని యడుగకుఁడు. 'లెక్క చూపుము నాయనా' అని నెమ్మదిగా నడుగుఁడు. మందలింపు చేయలేని పని యొక్కొక్కపుడు అంకెలు చేయును.

సెలవు.