వరుస కట్టేవాడి రోజుకూలి

సంగీత రచన అనగానే మనలో చాలామందికి ఒక దృశ్యం కళ్ళముందు మెదులుతుంది. వెన్నెల రాత్రి, ఏటి ఒడ్డు, అరమోడ్పు కన్నులతో ఒక మహానుభావుడు! ఎక్కణ్ణుంచో రాగం దిగివస్తుంది, ఆయన అందుకుంటాడు. సినిమాలు మనకు నేర్పిన దృశ్యమిది. మన మెట్టప్రాంతంలో వెన్నెలకూ, మునేటి ఒడ్డుకూ కొదవలేదు గాని, రాగాలు మాత్రం అలా ఊరికే దిగిరావు. నందిగామలోనూ, జగ్గయ్యపేటలోనూ బడిపిల్లల పాటలకూ, భజన బృందాలకూ వరుసలు కడుతూ ఉంటాను కనుక ఈ పని ఎలా సాగుతుందో, ఇందులో దక్కేదేమిటో విద్యార్థి మిత్రులకు తెలిసినంతలో విన్నవించుకుంటాను.

ముందు పని సంగతి. పిల్లల కోసం రాసుకున్న ఒక పాటలోని పాదం తీసుకుందాం: "మునేటి గట్టున ముద్దబంతి". లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని తెలుగు మాస్టారు చెప్పిన లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. "మునేటి గట్టున" అన్నది ఎనిమిది మాత్రలు. "ముద్దబంతి" ఆరు. వెరసి పద్నాలుగు. ఆదితాళానికి ఆవృతానికి ఎనిమిది క్రియలు. క్రియకు రెండు మాత్రల చొప్పున పదహారు మాత్రలు కావాలి. అంటే రెండు మాత్రల జాగా మిగిలింది. వరుస కట్టేవాడి సొంత ఆస్తి ఆ రెండు మాత్రలే!

వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలి? చివరి "తి" మీద సాగదీస్తే పాట తీరుబడిగా కూర్చుంటుంది. మొదట్లోనే ఒక క్రియ వదిలేసి ఎత్తుకుంటే పాటకు పరుగు వస్తుంది. అలాకాక "ము" మీద సాగదీశామా, మునేరు కాస్తా "మూనేరు" అయి కూర్చుంటుంది. పోనీ "ముద్ద" దగ్గర ఆపితే? పువ్వు పోయి, అన్నం ముద్ద ఒకటీ, ఆడుకునే బంతి ఒకటీ మిగులుతాయి. వినేవాళ్ళు నవ్వుతారు. మాట విరగకూడదు, తాళం తప్పకూడదు, రాగం చెడకూడదు. ఈ మూడింటి మధ్యా దొరికే కాస్త సందులోనే మన స్వేచ్ఛ అంతా ఉంది.

ఇక రాగం. మోహనలో ఉన్నవి ఐదే స్వరాలు: స రి గ ప ద. ఒక్కొక్క స్వరాన్ని ఒక్కసారే వాడుతూ, వరస మార్చి పేర్చినా 120 రకాలు వస్తాయి. గమకాలూ, కాలప్రమాణమూ కలిస్తే ఇక లెక్కకు అందదు. వాటిలోంచి పాటకు పనికొచ్చేది ఏరుకోవాలి. ఏరేది చెవి. ఆ చెవిని తయారుచేసేది సాధన. మాయామాళవగౌళలో సరళీవరుసలు మూడు కాలాల్లో పాడిస్తారే, అదంతా గొంతుకు కసరత్తు అని పిల్లలు విసుక్కుంటారు. నిజానికి అది చెవికి కసరత్తు. మొదటి కాలంలో స్వరం నిలకడ తేలిపోతుంది. మూడో కాలంలో లయ బండారం బయటపడుతుంది.

కొత్తదనం కావాలనుకునేవాళ్ళు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిని తలచుకోవాలి. 1930లో గోదావరి సీమలోని శంకరగుప్తంలో పుట్టినా, విద్య మాత్రం మన విజయవాడలోనే, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర. ఆ పంతులుగారిది త్యాగరాజస్వామి శిష్యపరంపర. బాలమురళిగారు చిన్న వయసులోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. మధ్యమాలు రెండు, రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు, హెచ్చవేస్తే 72. ఆ ఇళ్ళన్నీ తిరిగొచ్చాకనే, రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న పాత కట్టుబాటు దాటి, స గ ప ని అన్న నాలుగు స్వరాలతో మహతి రాగం కల్పించారు. పాత ఇళ్ళ గోడలెక్కడున్నాయో ఎరిగినవాడికే కదా, కొత్త గుమ్మం ఎక్కడ పెట్టాలో తెలిసేది!

మన ఉమ్మడి కృష్ణా జిల్లావారే అయిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారి సంగతీ అంతే. చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరంలో మధుకరం చేసుకుంటూ సంగీతం నేర్చారు. 1951 నాటి పాతాళభైరవి పాటల తేలికదనం వెనక ఆ విజయనగరం రోజులున్నాయి.

"ఎప్పుడూ ఉన్న రాగాలే కదా, అందులో సృజన ఏముంది?" అనేవారూ ఉన్నారు. వారికి మన ప్రాంతపు ఆనవాయితీ ఒకటి గుర్తు చేస్తాను. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలను రెండేళ్ళకొకసారి జగ్గయ్యపేట తీసుకొచ్చి రంగులు వేయిస్తారు. రంగులు వేసే ఆయన కొత్త ముఖం కల్పించడు. అదే ముఖం, అవే కళ్ళు. అయినా రంగులైన తరువాత అమ్మవారిని చూడడానికి జనం విరగబడతారు. మోహన రాగానికి మనం చేసేదీ ఆ రంగుల పనే.

ఈమధ్య పాట నేర్చుకునే కుర్రవాడొకడు అడిగాడు. "మాస్టారూ, ఫోనులో నాలుగు మాటలు కొడితే నిమిషంలో పాట కట్టి పాడి వినిపిస్తోందండీ. ఇంకా మనకీ సరళీవరుసలెందుకు?" అని. వాడిది మంచి గొంతు. సాధన మానేస్తాడేమోనన్న దిగులుతో ఆ ప్రశ్నను నవ్వి వదిలెయ్యలేకపోయాను. "సరే, మన ముద్దబంతి పాటకు పది వరుసలు కట్టించి తీసుకురా" అన్నాను. తెచ్చాడు. ఇద్దరం కూర్చుని విన్నాం. కొన్ని బాగానే ఉన్నాయి, కాదనను. ఒకదానిలో మాత్రం "ముద్ద" దగ్గర మాట పుటుక్కున విరిగింది. వాడు వెంటనే మొహం చిట్లించాడు.

"అలా మొహం చిట్లించడం ఎక్కడ నేర్చుకున్నావురా అబ్బాయ్?" అన్నాను.

వాడేమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి శ్రుతిపెట్టె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఎన్నాళ్ళు వస్తాడో చెప్పలేను. కాని యంత్రం పది ఇచ్చినా, నూరు ఇచ్చినా, ఇది వద్దు అని చెప్పగల చెవి మాత్రం ఎవరిది వారే సంపాదించుకోవాలి. అది లేనివాడు ఏది ఇస్తే అది పుచ్చుకుంటాడు. పాటలోనే కాదు, ఏ విద్యలోనైనా ఇంతే కాబోలు.

మరి ఇంత చాకిరీకి కూలి ఏమిటంటారా? డబ్బుల సంగతి అడక్కండి. చిన్న చిన్న సంతోషాలున్నాయి. తెల్లవారుజామున శ్రుతిలో మొదటి షడ్జం అతుక్కుపోయినప్పుడు, గొంతేదో శ్రుతేదో తెలియని ఒక క్షణం ఉంటుంది. నందిగామ నుంచి జగ్గయ్యపేటకు బస్సులో ఇంచుమించు 30 కిలోమీటర్లు. మోకాలి మీద తాళం వేసుకుంటూ పోతుంటే పక్కాయన అనుమానంగా చూస్తాడు. నాలుగురోజులుగా కుదరని చరణం చిల్లకల్లు మలుపు దగ్గర టక్కున కుదురుతుంది. దిగి తాగిన టీ ఆ పూట అమృతమే! అన్నిటికంటే పెద్ద కూలి మరొకటుంది. మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఒక ముసలమ్మగారు, మనవరాలి నోట విన్న నా వరుసే కూనిరాగం తీస్తున్నారు. ఒక సంగతి మార్చుకున్నారు కూడా. ఆ మార్పు నా వరుసకంటే బాగుంది. అప్పటినుంచి పిల్లలకు ఆవిడ వరుసే నేర్పుతున్నాను.

కనుక మిత్రులారా, మీలో ఎవరికైనా వరుసలు కట్టాలని సరదా ఉంటే వెన్నెల కోసం కాచుకోకండి. రోజుకు అరగంట తీసుకోండి. శ్రుతి పెట్టుకుని పాత వరుసలే మూడు కాలాల్లో పాడండి. ఆ తరువాత మీ ఊరి మీద ఒక చిన్న పాదం రాసుకుని, మాత్రలు లెక్కపెట్టి, మిగిలిన జాగా ఎక్కడుందో చూడండి. కుదిరితే పక్కింటివారికి వినిపించండి. వాళ్ళు ఏమైనా మార్చి పాడితే మాత్రం కోపం తెచ్చుకోకండేం!