ఇంటి లెక్కలు: వేగము, అర్థము

భైంసా ప్రాంతమున బిడ్డకు బాసరలో అక్షరాభ్యాసము చేయించిన పిదప, ఇంట ఎక్కాలు వల్లె వేయించుట మన వాడుక. నేడు పలు దేశములలో ప్రసిద్ధమైన కుమోన్ పద్ధతియు ఇంటనే పుట్టినది. 1954లో జపానులో తోరు కుమోన్ అను ఉపాధ్యాయుడు తన కుమారుని కొరకు లెక్కల కాగితములు వ్రాసెను. ప్రతిదినము కొన్ని కాగితములు, చిన్న చిన్న మెట్లు, తప్పులు దిద్దుకొనుట దీని క్రమము. ఇందువలన చేతికి వేగము, మనస్సునకు ధైర్యము కలుగును.

అయితే ఒక లోపము కలదు. అట్టి కాగితములపై కూడిక గుర్తో, గుణకారపు గుర్తో తరచుగా ముందే యుండును. ఏది చేయవలెనో బిడ్డ యోచింపనక్కరలేదు. అంగడిలో ఆ గుర్తు కనబడదు.

పత్తి 7 క్వింటాళ్ళ 5 కిలోలు తూగినదనుకొందము. వేగముగా లెక్క చేయు బిడ్డ దానిని 7.5 క్వింటాళ్ళని వ్రాసినచో 45 కిలోలు తేడా వచ్చును. క్వింటాలునకు 100 కిలోలు గనుక 7.05 అని వ్రాయవలెను. గుణకారము ఎంత చక్కగా వచ్చినను ఈ తప్పు ఆగదు.

కావున కాగితములు మానవలదు. దినమునకొక లెక్కను నోటిమాటగా అడిగి, జవాబు ఎట్లు వచ్చినదో బిడ్డచేతనే చెప్పించి విందము.