సమాధి మీద పూలెందుకు?

విజయవాడ రోడ్డున హయత్‌నగర్ మీదుగా మీరెన్నోసార్లు వెళ్ళి ఉంటారు. ఆ ఊరికి పేరు వచ్చింది ఒక స్త్రీ వల్లనని తెలుసా? ఆమె హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు, సుల్తాన్ మహమ్మద్‌కు భార్య, అబ్దుల్లాకు తల్లి. 1626లో భర్త పోతే, పసివాడైన కొడుకును గద్దెనెక్కించి తానే వెనక ఉండి రాజ్యం నడిపింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాట్లాడడానికి స్వయంగా వెళ్ళింది. 1667లో కన్నుమూసింది. ఆమె పేరున మసీదు, బాటసారుల సరాయి హయత్‌నగర్‌లో ఉన్నాయి.

సమాధి మాత్రం అక్కడ లేదు. గోల్కొండ కోట దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఉంది. పెద్ద గుమ్మటం, దాని మొదట్లో తామర రేకుల వరస, గోడల మీద గచ్చుతో తీర్చిన పూలు, లోపల నల్లరాతి సమాధి. మనిషి బొమ్మ ఒక్కటీ కనిపించదు.

పోయినవారికి ఇంత అలంకారం ఎందుకంటారా? ఈజిప్టులో నైలు నది పడమటి గట్టున నఖ్త్ అనే గుడి ఉద్యోగి సమాధి ఉంది. సుమారు 3400 ఏళ్ళ నాటిది. ఆయన రాజేమీ కాదు. అయినా గోడల నిండా ధాన్యం తూర్పారబట్టేవాళ్ళు, ద్రాక్ష కోసేవాళ్ళు, వాద్యాలు వాయించే ముగ్గురు స్త్రీలు, ఆఖరికి కుర్చీ కింద చేప తింటున్న పిల్లి కూడానూ! గోడ మీద గీసినదల్లా ఆ లోకంలో పోయినవారికి అందుతుందని వాళ్ళ నమ్మకం. అంటే అది దారిబత్తెం అన్నమాట.

మన గోల్కొండలో అలా కాదు. ఇక్కడి ఖురాను వాక్యాలు, పూలు, చూసి ప్రార్థించడానికి వచ్చే బతికున్నవారి కోసం.

ఈ గచ్చు పూలు సున్నంతో చేసినవి. సున్నం నానబెట్టి, ఇసుక కలిపి, మెత్తగా నూరి, బెల్లం, మారేడు గుజ్జు వంటివి చేర్చి, తడి ఆరకముందే తీర్చాలి. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. గత శతాబ్దంలో మరమ్మతంటూ సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని పాత పనికి చేటు తెచ్చింది. 2013లో మొదలుపెట్టి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తుశాఖ కలిసి ఆ సిమెంటు తీయించి, మళ్ళీ సున్నంతోనే బాగుచేయించాయి.

ఈసారి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళండి. ఎవరైనా మేకుతో గోడ మీద పేరు గీకబోతే మెల్లగా చెయ్యి పట్టుకుని ఆపండి. ఆమె పేరు ఒక ఊరంతటికీ ఉందిగదా, ఆమె గోడ మీద మన పేర్లెందుకమ్మా!