ఫుట్‌బాలు పందెములలో మౌన నివాళి

ఆట ఆరంభము కాకముందు ఇరుజట్లవారును మైదానము నడుమ వరుసగా నిలిచి, తలలు వంచి, ఒక నిమిషకాలము మౌనము పాటించుట మన విద్యార్థు లెఱిగినదే. దివంగతులయిన పెద్దలకు గౌరవము చూపుటకై యేర్పడిన ఆచార మిది. అయితే ఆ దివంగతుడు రాజకీయ నాయకుడైనప్పుడు ఈ మౌనమును ఫుట్‌బాలు మైదానమున పాటింపవలయునా, వలదా అను ప్రశ్న ఈ సంవత్సరము మా తరగతులలో పుట్టినది.

పందెమునకు వెళ్ళివచ్చిన మా బాలురే దీనిని తెచ్చిరి. అచ్చట మైకులో ఒక నాయకుని పేరు చెప్పి, రెండు నిమిషములు నిలువుడనిరట. ముందువరుసలవారు నిలిచిరి. వెనుకనుండి యెవరో ఈల వేసిరి. నిమిషమైనను నిండకముందే రెఫరీ ఆట మొదలుపెట్టించెను. ఈల వేసినవాడు తప్పు చేసెనని మేమంటిమి. అంతట తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, “నిలిచినవారందఱును ఆయనమీది గౌరవముచేతనే నిలిచిరా, పెద్దలు చూచుచున్నారని నిలిచిరా?” అని యడిగెను. అప్పుడు మాకు వెంటనే సమాధానము తోచలేదు. తరువాత ఆలోచించి తెలిసికొన్న దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మునుల దేశమగుటచే మౌనము మనకు క్రొత్తది కాదు. కాని పదుగురు కూడి, గడియారము చూచుకొని, మృతులకొఱకు మౌనము వహించుట ఇటీవలి ఆచారమే. 1912 ఫిబ్రవరిలో బ్రెజిలు దేశపు విదేశాంగమంత్రి రియో బ్రాంకో ప్రభువు మరణింపగా, పోర్చుగలు శాసనసభ పది నిమిషములు మౌనము పాటించెను. ఇట్టివానిలో మొదటివాటియందు అది యొకటి. 1919 నవంబరు 11న బ్రిటిషు సామ్రాజ్యమంతటను రెండు నిమిషములు బండ్లు ఆగినవి, యంత్రములు ఆగినవి, బాటసారులు నిలిచిపోయిరి. అది మొదటి ప్రపంచయుద్ధమున మడిసిన సైనికులకొఱకు. మన దేశమున జనవరి 30న, గాంధీ మహాత్ముడు 1948లో అసువులు బాసిన దినమున, పదునొకండు గంటలకు రెండు నిమిషములు మౌనము పాటించుట ఏటేట జరుగుచున్నది. ఇందొక విశేషము కలదు. రాజకీయవేత్తకై పాటించిన ఆ తొలి మౌనము రాజకీయవేత్తలు కూర్చుండు సభలో జరిగినది. వీధిలోని జనులెల్లరు నిలిచినది తమ ఇండ్లనుండి వెడలి తిరిగిరాని బిడ్డలకొఱకు. ఫుట్‌బాలు మైదానము ఈ రెంటిలో దేనికి దగ్గఱ? వీధికే యని మా యభిప్రాయము.

ఇంగ్లండులో 2013లో జరిగిన వాదము దీనికి మంచి తార్కాణము. ఆ యేడు ఏప్రిలు 8న మాజీ ప్రధానమంత్రి మార్గరెట్ థాచరు మరణించినది. ఆ వారపు ఫుట్‌బాలు పందెములలో ఆమెకై మౌనము పాటింపవలెనని రీడింగు, విగన్ క్లబ్బుల అధ్యక్షులు కోరిరి. ఆటను నడుపు సంఘములు అందుకు పూనుకొనలేదు. కారణము గ్రహించుట కష్టము కాదు. ఆ శనివారమున రీడింగుతో ఆడవలసినది లివర్‌పూలు జట్టు. 1989 ఏప్రిలు 15న హిల్స్‌బరో మైదానమున జరిగిన త్రొక్కిసలాటలో మృతులైన లివర్‌పూలు అభిమానుల సంస్మరణదినము రెండు దినములలో రానుండెను. పోలీసుల తప్పును కప్పిపుచ్చి, నేరమును మృతులపైననే మోపిరని ఆ కుటుంబములు ఇరువదియేండ్లకు పైగా పోరాడినవి. నాటి ప్రధానమంత్రి ఆమెయే. అట్టివారిని నిలిపి తల వంచుమనుట న్యాయమా? వంచనిచో మర్యాద లేనివారని నింద. వంచినచో తమవారికే ద్రోహము చేసినట్లు మనసులో బాధ. నిలువుమన్నవారు మాత్రము ఏ చిక్కును పడరు.

ఇది దూరదేశపు ముచ్చట యని త్రోసివేయవచ్చును. కాని మన యూరిలోనే దీనికి సాటియైన చిక్కు లేకపోలేదు. పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రముకొఱకు మదరాసు మైలాపురమున నిరశనము పూని, 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. మఱునాటి సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినది. అందు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణియు చేరినది. తమిళుల పక్షమున మా.పొ. శివజ్ఞానముగారు ఉత్తరపు సరిహద్దు ఉద్యమమును నడిపిరి. తుదకు 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఒకే ఇంటి అన్నదమ్ములకు, పొలము ఒక రాష్ట్రమున, ఇల్లు మఱొక రాష్ట్రమున పడినట్టి కాలమది. తెలుగువారి తాతలకు శ్రీరాములుగారు అమరజీవి. తమిళుల తాతలకు శివజ్ఞానముగారు ఎల్లను కాచిన వీరుడు. ఇరువురును తాము నమ్మినదానికై త్యాగము చేసినవారే. ఆ తాతల మనుమలు నేడు ఒకే జట్టులో ఆడుచున్నారు. గోలు కాచువాడు ఇంటిలో తెలుగు మాటాడును. వానికి ముందు నిలిచి అడ్డుకొనువాడు తమిళము మాటాడును. బంతి వచ్చునప్పుడు ఇద్దఱును ఏ భాషలో కేకలు వేయుదురో మాకే తెలియదు.

అట్టి మైదానమున ఒకనాడు ఒకరి పేరును, మఱునాడు ఇంకొకరి పేరును చెప్పి మౌనము కోరినచో, ఏ యిరువురును పగవారు కానిచోట పక్షములను చూపించినట్లగును. శ్రీరాములుగారి వర్ధంతిని మేము మానలేదు, మానము. అది మా సంఘమందిరమున జరుగును. వచ్చువారు ఇష్టపడి వత్తురు. సభకు రానివానిని మర్యాద లేనివాడని యెవరును అనరు. మైదానమునకు వచ్చినవాడు ఆటకు వచ్చినాడు.

అయినచో రాజకీయములలో నున్నవారెవరికిని మైదానమున మౌనము తగదందురా యని అడుగవచ్చును. అట్లనలేము. ప్రియరంజన్ దాస్‌మున్షీగారు కేంద్రమంత్రిగా నున్నవారు. పెక్కేండ్లు అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్యకు అధ్యక్షులుగా నుండి 2017 నవంబరులో గతించిరి. ఆటకు సేవ చేసినవారిని ఆటగాండ్రు తలచుకొనుట సహజమే. తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు రాష్ట్రపతి పదవి నలంకరించినవారు. ఆయన పేరు చెప్పినచో ఈ ప్రాంతమున తెలుగువాడు నిలుచును, తమిళుడును నిలుచును. ఆయనను మన పిల్లలు రాష్ట్రపతిగా కంటె ఉపాధ్యాయుడుగా నెఱుగుటయే అందుకు కారణము కావచ్చును. 1964 మే 27న జవహర్‌లాల్ నెహ్రూగారు మరణించిన దినమున మన జాతీయ ఫుట్‌బాలు జట్టు ఇజ్రాయెలులో ఆసియా కప్పు ఆడుచుండెను. ఆనాడే దక్షిణ కొరియాను గెలిచినది. రెండు దినముల పిదప ఇజ్రాయెలుతో ఆడి ఓడినను, తుదకు రెండవ స్థానము పొందినది. దేశమంతయు దుఃఖమున నున్న అట్టివేళ ఎవరును చెప్పనక్కఱలేకయే జనులు మౌనము వహింతురు.

మఱొక మార్గమును కలదు. 2018 ఆగస్టులో వాజ్‌పేయిగారును, 2024 డిసెంబరులో మన్మోహన్ సింగుగారును మరణించినప్పుడు విదేశములలో ఆడుచున్న మన క్రికెట్టు ఆటగాండ్రు చేతికి నల్లపట్టీలు కట్టుకొనిరి. క్రికెట్టే యైనను పద్ధతి మెచ్చదగినది. పట్టీ కట్టుకొన్నవాని దుఃఖము వానిది. చూడవచ్చినవారి మెడ వంచుమని అది కోరదు.

ఇవన్నియు చర్చించి, మా పాఠశాల పందెములకు ఒక పద్ధతి నేర్పఱచుకొంటిమి. మౌనము కోరువారు ముందుగా ఇరుజట్ల కెప్టెనులను వేఱువేఱుగా అడుగవలెను. ఇరువురును ఒప్పుకొన్ననే జరుగును. ఒకడు వద్దన్నచో కారణ మడుగరాదు, వాని పేరు బయట పెట్టరాదు. గతించినవాని గుణగణములను మైకులో వర్ణించుట అసలే కూడదు. ఆ వర్ణనయే నిమిషమునకు పది నిమిషములు తినును, ఆ యెండలో నిలిచిన పిల్లలకు తెలియును. మౌనము ఒక్క నిమిషమే. రెండు నిమిషములైనచో ఆఱవ తరగతివారు నవ్వుట మొదలిడుదురు, వారిని చూచి ఉపాధ్యాయులును.

ఆ తొమ్మిదవ తరగతి బాలునికి ఈ పద్ధతిని చదివి వినిపించితిమి. “కెప్టెనులు ఒప్పుకొన్నను నాకు ఇష్టము లేనిచో?” అనెను. మైదానపు గీత దాటి బయట నిలువుమని, మఱల ఈల వినగనే లోనికి రమ్మని చెప్పితిమి. ఒప్పుకొనెను.